మిర్చి తోటలో పురుగుమందు కొట్టేవారి ఆరోగ్యం: పిచికారీలు తగ్గించుకునే దారి చెప్పండి

ప్రశ్న: పల్నాటి రైతు

అందరికీ నమస్కారం. మాది పల్నాడు జిల్లా. కొంత సొంత పొలం, దానికి తోడు కౌలు పొలం కలిపి మిర్చి, పత్తి వేస్తుంటాను. నా వయసు 34. పెళ్లయి చాలా ఏళ్లయినా సంతానం కలగకపోవడంతో ఇటీవల ఇద్దరమూ పరీక్షలు చేయించుకున్నాము. నా భార్యకు ఏ ఇబ్బందీ లేదని, నా వీర్యంలో కణాల సంఖ్య, వాటి కదలిక రెండూ తక్కువగా ఉన్నాయని తేలింది. ఇంతకాలమూ ఊళ్లో మాటలు పడింది మాత్రం ఆమె. రిపోర్టు చూసిన డాక్టరు గారు నా పని గురించి అడిగి, తోటలో మందు కొట్టేది నేనేనని తెలుసుకొని, కొన్ని నెలలపాటు దానికి దూరంగా ఉండమని చెప్పారు.

అది చెప్పినంత తేలికగా జరిగే పని కాదు. మా వైపు నాట్లు, కలుపు, కోత ఎక్కువగా ఆడవారు చూసుకుంటే, పంపు వీపున వేసుకొని మందు కొట్టేది మగవారే. 2021-22లో నల్ల తామర పురుగు వచ్చి పూత రాల్చేసినప్పటి నుండి ఎవరికీ ధైర్యం లేదు. పూత దశ వచ్చిందంటే వారం తిరగకముందే రెండు మూడు మందులు కలిపి కొడుతున్నాము. ఏ మందు, ఎంత మోతాదు అన్నది చెప్పేది అరువు ఇచ్చే కొట్టు యజమానే. మందు కొట్టిన రాత్రి తలనొప్పి, కళ్ల మంట, నిద్ర పట్టకపోవడం మాకు మామూలైపోయాయి.

ఈ మందులకూ నా సమస్యకూ నిజంగా సంబంధం ఉందా? మానేస్తే శరీరం కోలుకుంటుందా? ఒక్కసారిగా మానేస్తే పంట పోయి అప్పు మిగులుతుంది కాబట్టి, భూమికీ ఒంటికీ మేలు జరిగేలా పిచికారీలు తగ్గించుకుంటూ వచ్చే మార్గం ఏమిటో అనుభవం ఉన్నవారు చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు: ప్రజారోగ్య వైద్యుడు, వరంగల్

మీరు ఈ విషయాన్ని దాచుకోకుండా రాయడం చాలా మంచి పని. సంతానం కలగని జంటల్లో దాదాపు సగం మందిలో పురుషుడి వైపు కారణం కూడా ఉంటుంది. అయినా మన దగ్గర ఆడవారికి అన్ని పరీక్షలూ, పూజలూ, మందులూ పూర్తయ్యాక గానీ మగవారిని పరీక్షకు పంపరు. మీ ఇంట్లో నిజం బయటపడింది కనుక, ఇన్నేళ్లు మాటలు పడిన మీ భార్యకు నలుగురిలో ఆ భారం దించడం కూడా వైద్యంలో భాగమే అనుకోండి.

ఒక్క రిపోర్టుతో ఏ నిర్ణయానికీ రావద్దు. వీర్య పరీక్షకు ముందు కనీసం 2 రోజులు, గరిష్ఠంగా 7 రోజులు సంయోగానికి దూరంగా ఉండాలి, కొన్ని వారాల తర్వాత పరీక్ష మళ్లీ చేయించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 ప్రమాణాల ప్రకారం మిల్లీలీటరుకు 1.6 కోట్ల కణాలు కనీస స్థాయి. మీ అంకె దీనికి ఎంత దూరంలో ఉందో డాక్టరును అడగండి. యూరాలజిస్టు చేత పరీక్ష చేయించుకొని వరికోసీల్, అంటే వృషణాల పైభాగంలో సిరలు ఉబ్బడం, ఉందేమో కూడా చూపించుకోవాలి, ఎందుకంటే మగవారిలో సరిచేయగలిగిన కారణాల్లో ఎక్కువగా కనిపించేది అదే. బీడీ, ఖైనీ, మద్యం అలవాట్లుంటే వాటి ప్రభావమూ తక్కువేమీ కాదు. పురుగుమందులు ఒక్కటే కారణమని నేను దూరం నుండి తేల్చలేను గానీ, మీరు మార్చగలిగిన కారణాల్లో అది పెద్దదని మాత్రం నిస్సంకోచంగా చెబుతాను.

సంబంధం ఉందా అన్న ప్రశ్నకు వైద్య చరిత్రలో గట్టి సాక్ష్యం ఉంది. 1977లో అమెరికాలోని కాలిఫోర్నియాలో, డీబీసీపీ అనే, మట్టిలోని నులిపురుగులను చంపే మందు తయారుచేసే కర్మాగార కార్మికులు, తమలో చాలామందికి పిల్లలు కలగడం లేదని వారే గమనించి పరీక్షలు కోరారు. చాలామందిలో వీర్యకణాలు బాగా తగ్గిపోయాయని, కొందరిలో పూర్తిగా లేవని తేలింది. రెండేళ్లకే అక్కడ ఆ మందు వాడకాన్ని దాదాపుగా నిలిపివేశారు. ఆ మందుకు దూరమయ్యాక కొందరు కోలుకున్నారు, కొందరు కోలుకోలేదు. మీరు వాడేది ఆ మందు కాదు. అయితే పత్తి, మిర్చిలో మనం వాడే ఆర్గానోఫాస్ఫేట్ రకాల మందులకు ఎక్కువగా గురయ్యే పురుషుల్లో కణాల సంఖ్య, కదలిక తగ్గడాన్ని పలు దేశాల అధ్యయనాలు గుర్తించాయి.

రైతులు ఎక్కువగా భయపడేది మందు వాసనకు. ముక్కుకు తువ్వాలు చుట్టుకుంటే సరిపోతుందనుకుంటారు. నిజానికి పిచికారీ చేసేవారి ఒంట్లోకి మందు ఎక్కువగా వెళ్లేది చర్మం ద్వారా, అది కూడా శరీరమంతటా ఒకేలా కాదు. 1971లో పారాథియాన్ అనే మందుతో చేసిన ప్రసిద్ధ పరిశోధనలో, ముంజేతి చర్మంతో పోలిస్తే వృషణాల తిత్తి చర్మం దాదాపు 12 రెట్లు, నుదురు 4 రెట్లు ఎక్కువగా మందును పీల్చుకున్నట్లు తేలింది. ఇప్పుడు మీరు పని చేసే తీరు గుర్తు చేసుకోండి. పంపు మూత దగ్గర కారిన మందు చొక్కా వెనుక భాగాన్ని తడిపి, నడుము దగ్గర పంచెలోకో లుంగీలోకో దిగుతుంది. ఎదిగిన చాళ్ల మధ్య నడుస్తుంటే తడి ఆకులు తొడలకు రాసుకుంటాయి. ఆ తడి బట్టలతోనే మధ్యాహ్నం దాకా పని సాగుతుంది. దేనిని కాపాడుకోవాలని మీరు తాపత్రయపడుతున్నారో సరిగ్గా అక్కడికే మందు చేరుతోంది.

అందువల్ల ఈ సీజనులో పంపు ముట్టక తప్పని రోజులు ఉంటే, ముందుగా పంపు మూత వాషరు మార్పించి కారడం ఆపండి. వీపుకూ నడుముకూ మందపాటి ప్లాస్టిక్ షీటు అడ్డం కట్టుకోండి. గాలి మీ వెనుక నుండి వీస్తుండగా, చల్లని పూట మాత్రమే కొట్టండి. మందు కలిపేటప్పుడు నైట్రైల్ అనే రబ్బరు తొడుగులు వేసుకోండి, ఎందుకంటే గుడ్డ తొడుగులు మందును పీల్చి చేతికే అంటిస్తాయి. నాజిల్ మూసుకుపోతే నోటితో ఊదే అలవాటును ఈ రోజే మానండి. బట్ట తడిసిన వెంటనే మార్చి సబ్బుతో స్నానం చేయాలి, ఆ బట్టలను ఇంట్లోవారి బట్టలతో కలపకుండా విడిగా ఉతకాలి, ఉతికేవారూ తొడుగులు వేసుకోవాలి. డబ్బా మీది త్రికోణంలో ఎరుపు రంగు అత్యంత విషపూరితమని, పసుపు దాని తర్వాతిదని, నీలం, ఆకుపచ్చ క్రమంగా తక్కువని అర్థం. ఎరుపు, పసుపు రంగుల డబ్బాలను మీ పొలంలోకి రానివ్వకండి. కొట్టు యజమాని కలపమన్నా రెండు మూడు మందులు కలపకండి. 2017లో మహారాష్ట్రలోని యవత్మాళ్ జిల్లాలో, మనిషెత్తు పెరిగిన పత్తిలో మందుల మిశ్రమాలు కొట్టిన రైతులు, కూలీలు 20 మందికి పైగా చనిపోయారు.

కొట్టిన రోజున చెమటలు, నోట్లో నీరూరడం, వాంతి, చూపు మసకబారడం, కంటిపాప సూదిమొనలా చిన్నదవడం, కండరాలు అదరడం కనిపిస్తే అది అలసట కాదు, విషప్రభావం. వెంటనే 108కి ఫోన్ చేసి, మందు డబ్బాను వెంట తీసుకొని ఆసుపత్రికి వెళ్లాలి. వీలైతే పిచికారీల కాలం మొదలయ్యే ముందు ఒకసారి, మధ్యలో మరొకసారి రక్తంలో కోలినెస్టరేజ్ (ఆర్గానోఫాస్ఫేట్ మందులు దెబ్బతీసే ఎంజైము) పరీక్ష చేయించుకొని పోల్చి చూసుకోండి. మొదటి అంకె ఉంటేనే రెండవ దానికి అర్థం.

కోలుకోవడం గురించి అడిగారు. వీర్యకణం తయారు కావడానికి సుమారు 74 రోజులు, బయటికి రావడానికి మరికొన్ని రోజులు పడుతుంది. అందువల్ల మందుకు దూరమైన మూడు నెలల తర్వాత చేసే పరీక్షే మీకు అసలు సమాధానం ఇస్తుంది. తొందరపడి ఎక్కడో ప్రకటన చూసి వీర్యవృద్ధి లేహ్యాలు కొనవద్దు.

జవాబు: సేంద్రియ రైతు, జనగామ జిల్లా

డాక్టరు గారు చెప్పిన జాగ్రత్తలన్నీ అవసరమే. కానీ అక్టోబరు ఎండలో, ఉక్కపోతలో ఒళ్లంతా ప్లాస్టిక్ కప్పుకొని ఎకరాలకు ఎకరాలు మందు కొట్టడం ఎవరి వల్లా కాదని మందు కొట్టిన ప్రతి రైతుకూ తెలుసు. తొడుగులు, మాస్కులు ప్రమాదాన్ని తగ్గిస్తాయి. ఒంటికి అసలైన రక్షణ పిచికారీలే తగ్గడం.

ఇది అయ్యే పనేనా అని అనుమానం వద్దు. మా జిల్లా లింగాల ఘనపూర్ మండలంలోని ఏనెబావి అనే చిన్న ఊరు 2006లోనే రసాయనాలు లేని గ్రామంగా ప్రకటించుకుంది. అంతకంటే ముందే పాల్వంచ దగ్గరి పునుకుల పురుగుమందులను వదిలిపెట్టింది. అది పత్తి పండించే ఊరు, మందుల కోసం చేసిన అప్పులతో నలిగిన ఊరు. అక్కడ మార్పును ముందుకు నడిపిన వారిలో మహిళా సంఘాల వారి పాత్ర పెద్దది. భర్తలు కొట్టే మందు భర్తల ఒంటినీ ఇంటి ఆదాయాన్నీ కలిపి తినేస్తోందని ముందుగా గుర్తించినది వారే. మీ రాష్ట్రంలో రైతు సాధికార సంస్థ నడిపిస్తున్న ప్రకృతి వ్యవసాయం కూడా ఎక్కువగా స్వయం సహాయక సంఘాల ద్వారానే ఊళ్లలోకి వెళ్లింది. ఆ కార్యక్రమానికి 2024లో గుల్బెంకియన్ అంతర్జాతీయ పురస్కారం లభించింది. మీ భార్య సంఘంలో సభ్యురాలైతే, మీ మండలంలో ప్రకృతి వ్యవసాయ సిబ్బంది ఎవరో సంఘం సమావేశంలోనే తెలుస్తుంది.

ఇక మిర్చి విషయం దాచకుండా చెబుతాను. అన్ని పంటల్లోకీ మందులు మానడం కష్టమైనది మిర్చిలోనే. వరి, కంది, మినుము వంటివాటిలో మందులు మొదటి ఏడాదే మానుకోవచ్చు, మిర్చిలో మాత్రం మెట్లు మెట్లుగా దిగాలి. తామర పురుగు అంతగా పెరగడానికి మన పిచికారీలు కూడా ఒక కారణం. పైరెత్రాయిడ్ రకం మందులు పదే పదే కొడితే ఆ పురుగును తినే అక్షింతల పురుగులు, సాలీళ్లు ముందు చస్తాయి. యూరియా ఎక్కువైన లేత ఆకు రసం పీల్చే పురుగులకు విందు. పైముడత, అంటే ఆకు పైకి ముడుచుకోవడం, కనిపించగానే మందు కొట్టడం, అది శత్రువులను వదిలి మిత్రులను చంపడం, మళ్లీ ముడత రావడం అనే వలయాన్ని తెంచాలంటే ముందు యూరియా తగ్గించి, మిత్రపురుగులకు చోటు ఇవ్వాలి.

నాట్లకు ముందే పొలం చుట్టూ రెండు మూడు వరుసలు జొన్న గానీ మొక్కజొన్న గానీ వేయండి, అది పక్క పొలం నుండి ఎగిరివచ్చే పురుగుకు అడ్డు నిలుస్తుంది. అక్కడక్కడ బంతి, గట్ల మీద ఆముదం, అలసంద నాటండి. పొగాకు లద్దెపురుగు ఆముదం ఆకు మీద గుడ్లు పెడుతుంది, ఆ ఆకు తెంపి నాశనం చేస్తే సరిపోతుంది. అలసంద మీది పేనుబంకను తినడానికి వచ్చే అక్షింతల పురుగులు మిర్చికీ కాపలా కాస్తాయి. తామర పురుగుకు నీలం రంగు జిగురు అట్టలు, తెల్లదోమకు పసుపు అట్టలు ఎకరాకు 25, 30 చొప్పున మొక్క ఎత్తుకు కాస్త పైన కట్టండి. మందు కొట్టాలా వద్దా అన్నది కొట్టు యజమాని చెబితే కాదు, ఆ అట్ట మీద పడిన పురుగును, విదిలించిన పూలలో కనిపించిన పురుగును చూసి మీరే నిర్ణయించుకోవాలి. ఈ ఒక్క అలవాటుతోనే అనవసరమైన పిచికారీలు ఎన్నో ఆగిపోతాయి.

రసాయన మందు కొట్టే వంతులలో ముందుగా ఒకటి వదిలి ఒకటి 5 శాతం వేప గింజల కషాయంతో మార్చండి. 5 కిలోల వేప పప్పును మెత్తగా దంచి, గుడ్డలో వదులుగా మూటకట్టి, 10 లీటర్ల నీటిలో రాత్రంతా నానబెట్టాలి. తెల్లవారాక మూటను పాలు కారినట్లు తెల్లటి ద్రవం వచ్చేదాకా పిసికి, రెండు పొరల గుడ్డతో వడకట్టి, 100 లీటర్లకు నీరు కలిపి, ఆకుకు అంటుకోవడానికి కొద్దిగా సబ్బు పొడి వేసి సాయంత్రం పూట కొట్టాలి. ఎండకు దాని గుణం పోతుంది. వడకట్టడంలో అశ్రద్ధ చేస్తే నాజిల్ మూసుకుపోతుంది, మళ్లీ ఊదే పని వస్తుంది. భూమికి జీవామృతం ఇవ్వండి: 200 లీటర్ల నీటిలో 10 కిలోల నాటు ఆవు పేడ, 5 నుండి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గట్టు మీది గుప్పెడు మట్టి కలిపి, నీడలో 48 గంటలు ఉంచి, రోజుకు రెండుసార్లు కర్రతో తిప్పి, నీటి పారుదలతో పాటు వదలాలి. ఇది ఎకరానికి సరిపోతుంది.

జవాబు: మందు కొట్టే కూలి, గుంటూరు జిల్లా

పెద్దలు చెప్పినవన్నీ పొలం ఉన్న రైతుకు వర్తిస్తాయి. ఒక సంగతి ఎవరూ అనలేదు కాబట్టి రాస్తున్నాను. డాక్టరు దూరంగా ఉండమంటే రైతు కూలిని పెట్టి కొట్టిస్తాడు. మేము ఒక పొలం నుండి మరో పొలానికి సీజనంతా అదే పని చేస్తాము. రైతు తన తోటకు ఒకసారి కొడితే మేము రోజూ కొడతాము. యంత్రంతో నడిచే తైవాన్ పంపు వచ్చాక పని త్వరగా అవుతోంది గానీ, పొగమంచులాంటి తుంపర నేరుగా మొహానికి కొడుతోంది. మాకూ పెళ్లాలున్నారు, పిల్లలు కావాలి. అన్నా, మీరు పంపు దించి మా వీపున పెడితే మీ ఒక్కరి ఆరోగ్యం బాగుపడుతుందేమో. పిచికారీలు తగ్గిస్తే ఇద్దరిదీ బాగుపడుతుంది. కూలిని పెట్టవలసి వస్తే డబ్బా మీది పేరు చూపించండి, స్నానానికి సబ్బు, నీళ్లు పొలం దగ్గరే ఏర్పాటు చేయండి, తడిబట్టతో ఇంటికి పంపకండి.

పల్నాటి రైతు

తమ్ముడు చెప్పిన మాట నా మనసుకు తగిలింది. నేను కూలిని పెట్టాలనే అనుకున్నాను. ఇప్పుడు ఆ ఆలోచన మార్చుకుంటున్నాను.

నాకు ఇంకా రెండు చిక్కులున్నాయి. కౌలు పొలం వచ్చే ఏడాది నా దగ్గరే ఉంటుందన్న నమ్మకం లేదు. అలాంటప్పుడు ఆ మట్టి మీద శ్రమ ఎలా పెట్టేది? రెండవది, రిపోర్టు వచ్చిన నాటి నుండి రాత్రిళ్లు నిద్ర లేదు, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కావడం లేదు. అప్పు, ఈ విషయం రెండూ కలిసి బుర్రను తొలుస్తున్నాయి.

జవాబు: విశ్రాంత వ్యవసాయ అధికారి, ఒంగోలు

బాబూ, రెండవ చిక్కుతోనే మొదలుపెడతాను, ఎందుకంటే అది వాయిదా వేయదగినది కాదు. టెలి మానస్ అనే ప్రభుత్వ సేవకు 14416 నంబరు ఉంది. రోజంతా, ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. ఈ రోజే ఫోన్ చేయండి. మన దేశంలో బలవన్మరణాలకు పాల్పడే వారిలో పది మందిలో ఏడుగురు మగవారే. మగవాడు లోపల కుములుతూ బయటికి గట్టిగా కనిపించాలన్న పట్టుదలకు ఇందులో పెద్ద వాటా ఉందని ఇన్నేళ్లు రైతుల మధ్య తిరిగిన నేను నమ్ముతున్నాను. మరో మాట: మందు డబ్బాలు ఇంట్లో ఉంచకండి, అవసరమైన రోజున అవసరమైనంతే కొనండి, మిగిలితే ఊరి బయట తాళం వేసిన చోట మరొకరి అజమాయిషీలో ఉంచండి. శ్రీలంక అత్యంత ప్రమాదకరమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధించిన తర్వాత, 1995 నుండి 2015 మధ్య అక్కడి ఆత్మహత్యల రేటు దాదాపు 70 శాతం తగ్గింది. ఇంటికి దగ్గరలో విషం లేకపోవడమే ఎన్నో ప్రాణాలను నిలబెట్టింది. మీ భార్యతోనూ మనసు విప్పి మాట్లాడండి. ఆమె ఇన్నేళ్లు మోసింది, ఇప్పుడు మీతో కలిసి మోయగలదు.

కౌలు సంగతి: ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద 11 నెలల ఒప్పందానికి సాగుదారు కార్డు ఇస్తారు. యజమాని సంతకం పెట్టాలన్నదే అందులో పెద్ద అడ్డంకి. చాలామంది యజమానులు భూమి చేజారుతుందని భయపడతారు. భూమిపై యజమాని హక్కుకు దీనివల్ల ఏ భంగమూ లేదని గ్రామ సచివాలయ సిబ్బంది సమక్షంలో వివరిస్తే కొందరు ఒప్పుకుంటారు. ఆ కార్డుతో బ్యాంకు పంట రుణానికి దారి ఏర్పడితే కొట్టు అరువు తగ్గుతుంది, అరువు తగ్గితే కొట్టు యజమాని చెప్పిన మందే కొనాలన్న నిర్బంధమూ తగ్గుతుంది. మీరు పిచికారీలు తగ్గించలేకపోవడానికి పురుగు ఎంత కారణమో ఆ అప్పు ఖాతా కూడా అంతే కారణం. గుంటూరు మిర్చి యార్డుకు వచ్చే కొనుగోలుదారుల్లో ఎగుమతి చేసేవారు పురుగుమందు అవశేషాల పరీక్షలు చేయించి కొంటారు. తక్కువ మందులతో పండించిన కాయను వారికి విడిగా చూపించే ఏర్పాటు రైతు ఉత్పత్తిదారుల సంఘం ద్వారా చేసుకోవచ్చు.

జవాబు: సేంద్రియ రైతు, జనగామ జిల్లా

కౌలు మీద నా సలహా కూడా అదే దారిలో ఉంటుంది. జీవామృతం, నవధాన్యాల పచ్చిరొట్ట, వేసవి దుక్కుల వంటి ఏళ్ల తరబడి ఫలితమిచ్చే పనులు ముందుగా సొంత పొలంలో పెట్టుకోండి. కౌలు పొలంలో ఆ సీజనులోనే ఖర్చు తగ్గించే జిగురు అట్టలు, జొన్న వరుసలు, వేప కషాయం చాలు. ఈసారి కౌలు పొలంలో మిర్చి విస్తీర్ణం కొంత తగ్గించి ఆ మేరకు కంది, మినుము వేయగలిగితే మీరు పంపు ఎత్తవలసిన రోజులే తగ్గుతాయి, డాక్టరు గారు చెప్పిన మూడు నెలలు మీకు దొరుకుతాయి.

కషాయానికి వేప గింజలను కొట్లో కొంటే పాతవి అంటగడతారు. జూన్, జూలైలలో పండ్లు రాలుతున్నప్పుడే చెట్ల కింద ఏరించి, గుజ్జు కడిగి, నీడలో ఆరబెట్టి, గాలి తగిలే గోనె సంచుల్లో నిల్వ ఉంచండి. ఎకరాకు 200 లీటర్ల ద్రావణం పడితే ఒక్కో వంతుకు 10 కిలోల పప్పు కావాలి, ఆ లెక్కన సీజను మొత్తానికి ఎంతో ఇప్పుడే వేసుకోండి. గింజ లోపల పప్పు ఆకుపచ్చగా ఉంటేనే పనిచేస్తుంది, నల్లబడిన దాన్ని పక్కన పెట్టేయండి.